ఆగమన కాలాన్ని మాకు తిరిగి ఇవ్వండి: గుంటూరు, విజయవాడ సంఘాల కాపరులకు, పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంఘకాపరులకు, విచారణ గురువులకు, సంఘ పెద్దలకు, యువజన సమాజాల నాయకులకు,

ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనాలు.

నేను గుంటూరులో 31 ఏళ్లుగా సండే స్కూలు చెబుతున్నాను. ప్రభుత్వ పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయినిగా పనిచేసి రిటైరయ్యాను. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల ఆగమన కాలంలో, అంటే దాదాపు డిసెంబరు నెలంతా, జరిగే కార్యక్రమాల విషయమై నిరుడు సెప్టెంబరులో మా సంఘస్థులం 17 మందిమి సంతకాలు చేసి ఒక విన్నపాన్ని మా కమిటీకి ఇచ్చాం. అక్టోబరులో ఒకసారి, నవంబరులో మరోసారి గుర్తు చేశాం. లిఖితపూర్వకంగా ఒక్క మాట రాలేదు. ఆరాధన ముగిశాక ఒక పెద్దాయన నన్ను వరండాలోకి పిలిచి, "అమ్మా, మీరు చెప్పింది నిజమే. కానీ దాతలు తేదీలు ఇచ్చేశారు, పిల్లలు బట్టలు కుట్టించేసుకున్నారు, ఇప్పుడు కదిలిస్తే గొడవలవుతాయి" అన్నారు. ఈ ఏడాది కూడా దసరా వెళ్లకముందే సెమీ క్రిస్మస్ (క్రిస్మస్ రాకముందే జరిపే వేడుక) తేదీలు ఖరారవుతున్నాయని తెలిశాక, ఈ మాటను నలుగురిలో పెట్టడం తప్ప నాకు మరో దారి కనిపించలేదు. మా సంఘం పేరు ఇక్కడ రాయడం లేదు. ఇది ఒక్క సంఘం సంగతి కాదని, కృష్ణకు అటూ ఇటూ ఉన్న చాలా సంఘాల్లో ఇదే జరుగుతున్నదని ఈ లేఖ చదివే వారికి తెలుసు.

నిరుడు ఆగమన కాలపు మొదటి ఆదివారం ఉదయం మా గుడిలో జరిగింది చెబుతాను. బలిపీఠం మీద ఊదారంగు వస్త్రం పరిచారు. పచ్చని ఆకుల వలయంలో నాలుగు కొవ్వొత్తులు నిలబెట్టారు. అయ్యగారు యెషయా గ్రంథం తెరిచి, చీకటిలో నడిచే జనుల గురించి చదవడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే పక్క తలుపు నుంచి డెకరేషన్ కుర్రాళ్లు ఇనుప పైపులు, థర్మకోల్ షీట్లు మోసుకుంటూ లోపలికి వచ్చారు, ఎందుకంటే సాయంత్రం సెమీ క్రిస్మస్. బయట జనరేటరు ఆడించి చూస్తున్నారు. మొదటి కొవ్వొత్తి వెలిగించిన తొమ్మిదేళ్ల పాప నా పక్కన వచ్చి కూర్చుని, పైపుల వంక చూసి, "టీచరుగారూ, యేసయ్య ఈ సాయంత్రమే పుట్టేస్తే మిగతా మూడు కొవ్వొత్తులు ఎందుకండీ?" అని అడిగింది.

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు పాపకు చెప్పవలసింది నేనొక్కదాన్నే కాదు, మీరు కూడా. అందుకే ముందుగా ఆగమన కాలం అంటే ఏమిటో, మీకు తెలిసినదే అయినా, ఒకసారి జ్ఞాపకం చేసే చనువు తీసుకుంటున్నాను.

ఆగమనం అంటే రాక. నవంబరు 30న వచ్చే అపొస్తలుడైన అంద్రెయ దినానికి దగ్గరగా ఉన్న ఆదివారంతో ఇది మొదలవుతుంది. అంటే నవంబరు 27కు, డిసెంబరు 3కు మధ్య ఎప్పుడైనా రావచ్చు. పాశ్చాత్య సంఘ క్యాలెండరులో కొత్త సంవత్సరం ఆరంభమయ్యేది జనవరి 1న కాదు, ఈ ఆదివారమే. సంవత్సరాన్ని పండుగతో కాకుండా ఎదురుచూపుతో ఆరంభించాలని పూర్వులు నిర్ణయించారు. 6వ శతాబ్దంలోనే నేటి ఫ్రాన్సులోని మకాన్ నగరంలో కూడిన సంఘ సభ నవంబరు 11 నుంచి క్రిస్మస్ వరకు సోమ, బుధ, శుక్రవారాల్లో ఉపవాసం ఉండాలని చెప్పింది. గ్రీకు, రష్యా ఆర్థడాక్స్ సంఘాలు నేటికీ క్రిస్మస్‌కు ముందు 40 రోజుల ఉపవాసం పాటిస్తాయి. అంత దూరం ఎందుకు, కేరళలోని మన ఆర్థడాక్స్ సోదరులు డిసెంబరు 1న ఉపవాసానికి కూర్చుంటారు. అదే రోజు మన దగ్గర బిరియానీ డేక్సాలు పొయ్యి ఎక్కుతున్నాయి.

12వ శతాబ్దపు సన్యాసి, క్లేర్వో బెర్నార్డు, ప్రభువు రాకడలు మూడని బోధించాడు. ఒకటి బెత్లెహేములో శరీరధారిగా వచ్చినది, మరొకటి కడవరి దినాన మహిమతో రాబోయేది, ఈ రెండింటి మధ్య ఎవరికీ కనబడకుండా విశ్వాసి హృదయంలోకి ప్రతిదినం వచ్చేది. ఆగమన కాలంలో సంఘం ఈ మూడింటికీ తలుపు తెరిచి కూర్చోవాలి. కతోలిక ఆరాధన క్రమంలో డిసెంబరు 16 వరకు చదివే పాఠాలు ఎక్కువగా రెండవ రాకడ గురించి, మెలకువగా ఉండడం గురించి ఉంటాయి. 17 నుంచి 24 వరకు మాత్రమే జనన వృత్తాంతం వైపు తిరుగుతాయి. ఆగమన కాలపు ఆదివారాల పూజలో మహిమ గీతాన్ని పాడరు. బెత్లెహేము పొలాల్లో దూతలు పాడిన పాట కాబట్టి, క్రిస్మస్ రాత్రి అది కొత్తగా నోట పలకాలని దాన్ని దాచిపెడతారు. వరి వెన్ను పాలు పోసుకుంటున్నప్పుడు కొడవలి పట్టుకుని పొలంలో దిగే రైతు డెల్టాలో ఎక్కడా ఉండడు. మనం ఆ పనే చేస్తున్నాం.

ఊదారంగు మారుమనస్సుకు గుర్తు. అయితే ఈ కాలపు మారుమనస్సు అంటే కన్నీళ్లు పెట్టుకోవడం ఒక్కటే కాదని లూకా సువార్త మూడవ అధ్యాయం చెబుతుంది. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు వచ్చిన జనం "మేమేమి చేయాలి" అని అడిగితే, రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలన్నాడు. సుంకరులతో నిర్ణయించిన దానికన్నా ఎక్కువ వసూలు చేయవద్దన్నాడు. సైనికులతో ఎవరినీ బెదిరించవద్దని, జీతంతో తృప్తిపడమని అన్నాడు. మూడు జవాబులూ బట్ట గురించి, డబ్బు గురించి, అధికారం గురించి. ఏటా ఆగమన కాలంలో మన ప్రసంగపీఠాల నుంచి వినబడవలసిన వ్యక్తి యోహాను. కానీ సెమీ క్రిస్మస్ వేదిక మీద శాంతా క్లాజుకు దొరికిన చోటు యోహానుకు దొరకడం లేదు.

క్రీస్తు జనన వృత్తాంతంలో మనకు ఎదురయ్యే ఈ మనుషులందరూ ఎదురుచూసేవారే. బాప్తిస్మమిచ్చు యోహాను తండ్రి జెకర్యా నెలల తరబడి నోట మాట లేక మౌనంగా ఉన్నాడు. వృద్ధుడైన సుమెయోను క్రీస్తును చూసేదాకా ఎదురుచూశాడు. విధవరాలైన అన్న ప్రవక్త్రి ఉపవాస ప్రార్థనలతో దేవాలయం విడవకుండా ఉంది. యూదయ కొండసీమలో ఉన్న బంధువు ఎలీసబెతు ఇంటికి వెళ్లిన యేసు తల్లి మరియ, ఆకలిగొన్నవారికి దేవుడు మేలులు పెడతాడని, ధనవంతులను వట్టి చేతులతో పంపేస్తాడని పాడింది. కాబట్టి సంఘంలో ఎవరికైనా మిగతా నెలల్లో చోటు దొరకకపోయినా, ఈ నాలుగు వారాల్లో దొరకాలి. బిడ్డ కోసం ఎదురుచూసే దంపతులకు, ఆసుపత్రి రిపోర్టు కోసం ఎదురుచూసే రోగికి, దుబాయి నుంచి భర్త ఫోను కోసం ఎదురుచూసే ఇల్లాలికి సంఘం "మేమూ నీతో ఎదురుచూస్తున్నాం" అని చెప్పే కాలం ఇది.

ఆ నాలుగు కొవ్వొత్తుల వలయం ఎలా వచ్చిందో కూడా చెబుతాను, ఎందుకంటే ఆ పాప ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. 1839లో జర్మనీలోని హాంబర్గు నగరంలో యోహాన్ హిన్రిక్ విఖెర్న్ అనే లూథరన్ బోధకుడు పేద పిల్లల కోసం ఒక ఆశ్రమం నడుపుతుండేవాడు. క్రిస్మస్ ఎప్పుడొస్తుంది, ఎప్పుడొస్తుంది అని పిల్లలు అడుగుతుంటే, పాత బండి చక్రం మీద ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్ల కొవ్వొత్తులు, మిగతా రోజులకు చిన్న ఎర్ర కొవ్వొత్తులు నిలిపి, రోజుకొకటి చొప్పున వెలిగించాడు. ఏమీ లేని పిల్లలకు ఎదురుచూడడం నేర్పడానికి పుట్టింది అది. మరో మూడేళ్లకు, 1842 జూలై 31న, అదే లూథరన్ విశ్వాసానికి చెందిన ఫాదర్ హయ్యరు అమెరికా నుంచి వచ్చి మన గుంటూరులో అడుగుపెట్టారు. ఆ వారసత్వం మనది అని జూబిలీ సభల్లో చెప్పుకుంటాం. చెప్పుకోవలసినదే. కానీ ఆ చక్రం పేద పిల్లల కోసం తిరిగిందన్న సంగతి మాత్రం మరిచిపోయాం.

ఇప్పుడు దీనివల్ల మామూలు జనానికి జరుగుతున్న నష్టాన్ని మీ దృష్టికి తెస్తున్నాను.

1. అన్నిటికన్నా ముందు డబ్బు. మా వీధిలో చాలామంది ఆడవాళ్లు గోదాముల్లో ఎండు మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళతారు. సాయంత్రం ఇంటికి వచ్చి అన్నం కలుపుకుందామంటే చేతులు మండి, స్పూనుతో తినే రోజులు వాళ్లకు ఉంటాయి. అటువంటి ఒక సోదరి నిరుడు డిసెంబరులో డబ్బు వేసి ఇవ్వమని తన ఇంటికి వచ్చిన కవర్లన్నీ నా ముందు చాప మీద పరిచింది. సెమీ క్రిస్మస్ కవరు, క్యారల్స్ కవరు, యూత్ వాళ్ల కవరు, కేకు కవరు, వృద్ధులకు దుప్పట్ల కవరు, చివరికి క్రిస్మస్ కానుక కవరు. ఆరు. ఇవి కాక స్త్రీల సమాజంలో అందరూ ఒకే రంగు చీర కట్టాలని తీర్మానం. ఆమె చీర కోసం డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుంది. ఎవరూ బలవంతం చేయలేదని మీరంటారు, అది నిజమే. కానీ ఇచ్చినవారి పేర్లు, మొత్తాలు మైకులో చదివినప్పుడు, తన పేరు రాకపోతే పక్కింటావిడ ఏమనుకుంటుందో అన్న భయం ఎటువంటిదో కూలి చేసుకునే వారికి తెలుసు. ఉన్న అంగీ ఒకటే అయిన మనిషి చేత రెండోది కొనిపించడానికి అప్పు చేయించాం. యోహాను చెప్పింది ఇదా? విజయవాడ సింగ్ నగర్‌లో ఉండే మా బంధువులు 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో బీరువా నుంచి బియ్యం డబ్బా దాకా పోగొట్టుకున్నారు. మూడు నెలలు తిరగకుండానే వాళ్ల గుమ్మంలోకి కూడా కవర్లు వచ్చాయి. వాళ్ల చేతికి కవరు ఇవ్వవలసిన సంఘం వాళ్ల దగ్గర కవరు తీసుకుంది.

2. రెండవది, చావు చూసిన ఇళ్లు. మా సంఘంలో ఒక చెల్లెమ్మ భర్త అక్టోబరులో చనిపోయాడు. డిసెంబరు రెండో వారంలో రాత్రి ఒంటిగంటన్నరకు ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు పాడే క్యారల్స్ రౌండ్ ఆమె ఇంటి ముందుకు వచ్చింది. డప్పులు, టార్చిలైట్లు, శాంతా క్లాజు వేషం. నిద్రలేచిన పిల్లాడు నాన్న వచ్చాడనుకుని తలుపు దగ్గరకు పరుగెత్తాడని ఆమె నాకు తరువాత చెప్పింది. ఆ కుర్రాళ్లు మంచివాళ్లే, వాళ్లలో సగం మంది నా దగ్గర సండే స్కూలు చదివినవాళ్లే. తప్పు వాళ్లది కాదు. దుఃఖంలో ఉన్న ఇంటి ముందు ఎలా నిలబడాలో వాళ్లకు మనం నేర్పలేదు. ఆ నేర్పు ఆగమన కాలంలోనే వస్తుంది. ఇంకా తెల్లవారలేదని ఒప్పుకునే పాటలు మన దగ్గర ఉన్నాయి. కానీ మొదటి ఆదివారం నుంచే "పుట్టాడు, పుట్టాడు" అని చిందులు వేస్తుంటే, ఇంకా చీకట్లోనే ఉన్న ఆ చెల్లెమ్మ ఎవరితో గొంతు కలపాలి? ఆమె డిసెంబరంతా గుడికి రాలేదు.

3. మూడవది, మన ఇరుగుపొరుగు. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా లౌడ్ స్పీకర్లు వాడకూడదు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు. ప్రార్థనల పేరిట ఇతరుల ప్రశాంతతను భంగపరచమని ఏ మతమూ చెప్పదని సుప్రీంకోర్టు అదే 2000 సంవత్సరంలో తీర్పు చెప్పింది. ఆ కేసు చెన్నైలోని ఒక క్రైస్తవ సంఘానిదేనని గుర్తుచేసుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది. పరీక్షలకు చదువుకునే పిల్లలు, పురిటి బాలింతలు, గుండె జబ్బు వాళ్లు మన గుడి గోడకు ఆనుకునే ఉన్నారు.

4. పిల్లలు నెల రోజులు డాన్సు రిహార్సల్స్‌కు తిరిగి, 25వ తేదీ తెల్లవారి ఆరాధనలో తల్లి ఒళ్లో నిద్రపోతున్నారు.

5. కాపరులు కూడా దీనివల్ల నష్టపోతున్నారు. ఒక్క నెలలో ఊరి ఈ చివర నుంచి ఆ చివరకు ఇన్ని వేదికలెక్కి వాక్యం చెప్పే అయ్యగారికి ఇళ్లు దర్శించే సమయం లేదు, తన ప్రార్థనకు సమయం లేదు. ఒక కాపరి నాతో, "అమ్మా, మూడు సంవత్సరాలుగా నేను ఆగమన ప్రసంగం ఒక్కటి కూడా తయారు చేయలేదు" అన్నారు. చెబుతూ కళ్లు తుడుచుకున్నారు.

ఈ మాటలకు వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. ఆగమన కాలం బైబిల్లో లేదు కదా అని స్వతంత్ర సంఘాల సోదరులు అంటారు. నిజమే, ఆ పేరు లేదు. డిసెంబరు 25 కూడా లేదు. కానీ యజమాని ఏ జామున వస్తాడో తెలియదు కాబట్టి మెలకువగా ఉండమన్న ఆజ్ఞ మార్కు 13వ అధ్యాయంలో ఉంది. ఆ ఆజ్ఞను ఏడాదిలో నాలుగు వారాలపాటు అందరం కలిసి పాటించడానికే ఈ కాలం.

సెమీ క్రిస్మస్ వల్ల అన్యులకు సువార్త అందుతుందని మరికొందరు అంటారు. దీని గురించి నేను చాలాకాలం ఆలోచించాను. ఇదే నవంబరు, డిసెంబరు నెలల్లో మా పక్కింటి అబ్బాయి అయ్యప్ప మాల వేసుకుంటాడు. 41 రోజులు నల్లబట్టలు కట్టి, చెప్పులు లేకుండా నడిచి, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేసి, నేల మీద పడుకుంటాడు. విజయవాడలో ఎర్రబట్టల భవానీలు దీక్ష పూర్తి చేసుకుని ఇంద్రకీలాద్రి వైపు నడిచి వెళ్లే దృశ్యం మీరందరూ చూసిందే. రంజాను నెలలో నా తోటి ఉపాధ్యాయిని గుక్కెడు నీళ్లు తాగకుండా ఏడు పీరియడ్లు చెప్పడం నేను చూశాను. నియమం అంటే ఏమిటో, నిష్ఠ అంటే ఏమిటో మన పొరుగువారికి బాగా తెలుసు. మనకు కూడా ఒక నియమ కాలం ఉందని మాత్రం వాళ్లకు తెలియదు, ఎందుకంటే మనం దాన్ని ఎప్పుడూ చూపించలేదు. మా ఎదురింటి పెద్దావిడ ఒకసారి నన్ను, "మీకు ఉపవాసాలు ఈస్టరు ముందేగా, క్రిస్మస్‌కి అంతా తినడమేగా" అని మామూలుగా అడిగింది. ఆమె తప్పేమీ లేదు.

మా నాయనమ్మ ఏ వేదాంత కళాశాలలోనూ చదవలేదు, ఆమెకు సంతకం కూడా రాదు. ఆగమన కాలం మొదలైన రోజు నుంచి ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతిపూటా ఒక పిడికెడు తీసి, మూలనున్న మట్టికుండలో వేసేది. ఆ నెల్లాళ్లూ ఇంట్లో నీచు వండేది కాదు. మేము వెదురు బద్దలతో నక్షత్రం కట్టి, మైదా జిగురుతో రంగు కాగితాలు అంటించుకుని, వేలాడదీద్దామని ఎంత గోల చేసినా, "చుక్క పొడిచేది ఇరవై నాలుగు రాత్రేరా" అనేది. ఆ రాత్రి కుండ దించి, బియ్యాన్ని కొంగున పోసుకుని, మా పాలెంలో ఆ ఏడాది మనిషిని పోగొట్టుకున్న ఇంటికి తనే వెళ్లి ఇచ్చేది. తిరిగి వచ్చాక నక్షత్రంలో దీపం పెట్టనిచ్చేది. ఆ వెలుగు ఎలా ఉండేదో నాకు ఇప్పటికీ జ్ఞాపకం.

కాబట్టి మా కోరికలు ఇవి.

1. ఆగమన కాలపు మొదటి ఆదివారం నుంచి డిసెంబరు 24 సాయంత్రం వరకు గుడిలో గానీ, గుడి పేరిట గానీ సెమీ క్రిస్మస్ జరపకండి. పిల్లల నాటికలు, పాటల పోటీలు, ప్రేమ విందు ఏవీ రద్దు చేయమని మేము అడగడం లేదు. డిసెంబరు 25 నుంచి జనవరి 6 ప్రభు ప్రత్యక్షత పండుగ వరకు ఉన్న క్రిస్మస్ రోజులకు వాటిని మార్చండి. ఇప్పుడు 26వ తేదీకే మన వేదికలు విప్పేస్తున్నారు, పండుగ అసలు మొదలయ్యేది అప్పుడు.

2. ఈ కాలంలో వారానికి ఒక సాయంత్రం, మైకు లేకుండా, ఒక గంట వాక్య పఠనానికి, మౌన ప్రార్థనకు గుడి తలుపులు తెరవండి.

3. క్యారల్స్ రాత్రి 10 లోపు ముగించండి. కవర్లు పట్టుకెళ్లవద్దు. ఆ ఏడాది చావు జరిగిన ఇళ్లకు, మంచం పట్టినవారి ఇళ్లకు ముందుగా వెళ్లండి. అక్కడ డప్పు వద్దు, ఒక ఆగమన కీర్తన, ఒక ప్రార్థన చాలు.

4. డిసెంబరులో ఒకే ఒక్క కానుక ఉంచండి. పేర్లు, మొత్తాలు మైకులో చదవడం మానండి. ఒకే రంగు చీరల తీర్మానాలు రద్దు చేయండి. నెల మొత్తం జమాఖర్చులను జనవరి మొదటి ఆదివారం సంఘం ముందు చదవండి. అందులో పేదలకు ఎంత వెళ్లిందో విడిగా చెప్పండి.

5. రాజకీయ నాయకులు ఆరాధనకు వస్తే సంతోషమే, జనంతో పాటు బల్ల మీద కూర్చోమనండి. బలవంతులను సింహాసనాల నుంచి దింపుతాడని మరియ పాడిన పాట చదివే వేదిక మీద పూలదండలు, శాలువాలు వద్దు.

6. ఈ లేఖకు ఆగమన కాలం మొదలయ్యేలోపు లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఒప్పుకోలేని అంశం ఉంటే కారణం రాయండి. ఆ కారణాన్ని గౌరవంగా చదువుతాం.

మీ జవాబు వచ్చినా రాకపోయినా, ఈ ఏడాది ఆ మొదటి ఆదివారం సాయంత్రం ఆరున్నరకు మా ఇంటి వరండాలో నాలుగు కొవ్వొత్తులు పెట్టి, ఒకటే వెలిగిస్తాం. నాయనమ్మ కుండ నా దగ్గరే ఉంది. తొడిమలు తీసే ఆ సోదరి, అక్టోబరులో భర్తను పోగొట్టుకున్న ఆ చెల్లెమ్మ వస్తామన్నారు. ప్రశ్న అడిగిన పాపను వాళ్ల అమ్మ తీసుకువస్తానంది. అయ్యగార్లలో ఎవరైనా వచ్చి మాతో కూర్చుంటే, యెషయా పాఠం వారి చేతే చదివించుకుంటాం.

ఇట్లు,
ప్రభువు రాకకై ఎదురుచూసే మీ సహోదరి,
ఒక సండే స్కూలు ఉపాధ్యాయిని, గుంటూరు